అచ్చుకు ముందే అమ్ముడైన పుస్తకాలు

(విజయవాడలో కొందరు పుస్తకప్రియులు ఏర్పాటు చేసుకున్న సాయంత్రపు సమావేశంలో ఒక చిన్న ప్రచురణకర్త మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మాట్లాడమని పిలిచినప్పుడు అంశం ఏమిటని అడిగాను. "ఇలాంటి పుస్తకాలు మీరెందుకు వేస్తారండీ, ఇదే అంశం" అన్నారు. నవ్వొచ్చింది. పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఆ మాట అడుగుతూనే ఉంటారు.

పోయిన జనవరిలో ఒక పెద్దాయన వచ్చారు. అంతకుముందు ఏడాది నా దగ్గరే కొన్న నవల సంచీలోంచి తీసి బల్లమీద పెట్టారు. డబ్బు వెనక్కిమ్మని అడగలేదు. "నలభై పేజీలు చదివానండి. ఇక నావల్ల కాలేదు. మీరు చదివారా ఇది?" అన్నారు. చదివానన్నాను. ప్రూఫులే మూడుసార్లు చూశాను మరి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "చదివే వేశారా!" అన్నారు.

ఆ "చదివే" అనే మాట నన్ను వదల్లేదు. పుస్తకం బాగాలేకపోతే పాఠకుడు మామూలుగా రెండే అనుకుంటాడు. పబ్లిషరు చదవకుండా వేశాడు, లేదా చదివినా తెలియలేదు. రెండూ కాదండీ. చాలాసార్లు మాకు తెలుసు. నాకు తెలిసిన పబ్లిషర్లలో పుస్తకం పసిగట్టలేనివాళ్లు తక్కువ. పది పేజీలు తిరగేస్తే లోపల సరుకెంతో తెలిసిపోతుంది. తెలిసీ వేస్తాం. ఎందుకన్నదే ఇవాళ్టి సంగతి.

ముందు అమెరికా వెళ్లొద్దాం. ఇక్కడి పేర్లు చెబితే రేపు నేను పుస్తకాల షాపులుండే ఏలూరు రోడ్డులో తిరగలేను. (నవ్వులు)

హార్పర్ లీ అని, అలబామా రాష్ట్రంలో మన్రోవిల్ అనే చిన్న ఊరి అమ్మాయి. న్యూయార్కులో విమానాల కంపెనీ ఆఫీసులో టికెట్లు రిజర్వు చేసే గుమాస్తాగా ఉండేది. 1956 క్రిస్మస్‌కి స్నేహితులైన దంపతులు ఆమెకి ఒక కానుక ఇచ్చారు. ఏడాది పాటు ఉద్యోగం మానేసి ఏం రాసుకుంటావో రాసుకో, ఖర్చు మాది అని. ఆమె రాసింది. 1957లో ఆ రాతప్రతి లిపిన్‌కాట్ అనే ప్రచురణ సంస్థకు చేరింది. అక్కడ టే హోహోఫ్ అనే ఒక సంపాదకురాలు చదివింది. ఈ పిల్లలో రచయిత ఉంది గానీ, ఈ కాగితాల్లో నవల లేదు, ముక్కలు ముక్కలుగా ఉన్న ముచ్చట్లే ఉన్నాయి అనుకుంది. అచ్చు వేయలేదు. అలాగని పొమ్మనీ అనలేదు. మళ్లీ రాయమంది. రాసింది మళ్లీ మళ్లీ తిరగరాయించింది. రెండేళ్లకు పైగా పట్టింది. మొదటి ప్రతిలో ఇరవయ్యారేళ్ల యువతి ఊరికి తిరిగొచ్చి తండ్రిని చూసి చిన్ననాటి సంగతులు తలుచుకుంటుంది. తిరగరాసేసరికి ఆ చిన్ననాటి సంగతులే అసలు నవలయ్యాయి. అదే 1960 జులైలో వచ్చిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. మరుసటేడు పులిట్జర్. తర్వాత సినిమా. బళ్లలో పాఠ్యపుస్తకం. అమ్ముడైన ప్రతులు 4 కోట్ల మాట.

లీ ఆ తర్వాత యాభై అయిదేళ్లు ఇంకో నవల ఇవ్వలేదు. 2015 ఫిబ్రవరిలో హార్పర్‌కాలిన్స్ వాళ్లు ప్రకటించారు, హార్పర్ లీ రెండో నవల వస్తోందని. అప్పటికి ఆమెకి 88 ఏళ్లు. పక్షవాతం వచ్చి, వయసు మళ్లినవాళ్లు ఉండే హోములో ఉంది. ఆమె వ్యవహారాలన్నీ ఏళ్ల తరబడి చూసిన అక్కగారు అంతకు రెండు మూడు నెలల ముందే పోయింది. లీ ఇష్టపడే ఒప్పుకుందా అని ఊరంతా గొడవ. ఫిర్యాదు వెళితే అలబామా ప్రభుత్వం విచారణ చేసి, అందులో తప్పేమీ లేదని తేల్చింది. నేనూ దాన్ని తవ్వను. నాకు కావలసింది ఇంకొకటి.

జులై 14న పుస్తకం వచ్చింది. 'గో సెట్ ఎ వాచ్‌మన్'. ఉత్తర అమెరికాలో మొదటి వారంలోనే 11 లక్షల ప్రతులు పోయాయి. చదివినవాళ్లు కొయ్యబారిపోయారు. మొదటి నవలలో నల్లజాతి మనిషి కోసం కోర్టులో నిలబడ్డ తండ్రి ఆటికస్ ఫించ్, ఇందులో తెల్లవాళ్ల ఆధిపత్యం నిలబెట్టే మీటింగులో కూర్చుని ఉంటాడు. కొడుకులకి ఆటికస్ అని పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు ఉన్న దేశం అది! మిషిగన్‌లో ఒక చిన్న పుస్తకాల షాపువాళ్లు, దీన్ని మంచి నవల అనుకుని కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇస్తామన్నారు.

ఇంతకీ ఆ 'రెండో నవల' ఏమిటనుకున్నారు? 1957లో హోహోఫ్ వద్దన్న ఆ మొదటి ప్రతే. చిన్నాచితకా దిద్దుబాట్లు తప్పించి అదే. ఇంకో తమాషా చెప్తాను. లిపిన్‌కాట్‌ని 1978లో హార్పర్ అండ్ రో వాళ్లు కొనేశారు. ఆ హార్పరే తర్వాత హార్పర్‌కాలిన్స్ అయింది. అంటే తాతగారి కాలంలో కాదన్న సంబంధాన్ని మనవలు ఊరంతా పందిళ్లు వేసి చేశారన్నమాట. (నవ్వులు)

కాగితాలు అవే కదా. మరేం మారింది? అభిరుచి పడిపోయిందంటారు కొందరు. నేనలా అనుకోను. 2015లో ఆ కంపెనీలో కూర్చున్నవాళ్లు హోహోఫ్ కన్నా తెలివితక్కువ వాళ్లేం కాదు. మారింది కొనేవాడు. 1957లో హార్పర్ లీ అంటే ఎవరికీ తెలియదు. అటువంటి మనిషి పుస్తకం అమ్మాలంటే ఒకరు చదివి ఇంకొకరికి చెప్పాలి. లోపల సరుకు ఉండి తీరాలి. 2015లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. బడిలో ఆ మొదటి నవల చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి, ఆ జ్ఞాపకంతో ముందే డబ్బు కట్టేశాడు. ఎవరూ అట్ట తెరవక ముందే పుస్తకం అమ్ముడైపోయింది. అటువంటి పుస్తకం బాగుండక్కర్లేదండీ. ఉంటే చాలు.

అయితే ఒకటి చెప్పాలి. ఆ ప్రతి అచ్చు కావడమే తప్పని నేననను. ఒక సంపాదకురాలు ఏది చూసి ఏది వద్దంది, ఆ అమ్మాయి ఏది పారేసి ఏది ఉంచుకుంది అన్నది పక్కపక్కన పెట్టుకుని చూసే భాగ్యం ఎక్కడ దొరుకుతుంది? మన తెలుగులో పెద్ద రచయితల కొట్టివేతల ప్రతులు అలా దొరికితే నేను అప్పుచేసి వేస్తాను. 'ఇదిగో, ఇది చిత్తుప్రతి' అని అట్టమీద రాసి వేయాలి. కొత్త నవల అని వేస్తే మాత్రం... సరే, అట్టమీద చిత్తుప్రతి అని ఉంటే 11 లక్షలు పోవని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

కొలంబియా రచయిత గార్సియా మార్క్వెజ్ విషయం కూడా మొన్న మొన్నటిదే. జ్ఞాపకశక్తి జారిపోతున్న రోజుల్లో కుస్తీపట్టి రాసుకున్న చిన్న నవల. ఇది పనికిరాదు, చించి పారేయండి అన్నాడాయన. 2014లో పోయాడు. పదేళ్లకి, 2024 మార్చిలో, ఆయన పుట్టినరోజు నాడే కొడుకులిద్దరూ వేయించారు. నాన్నకి ద్రోహమే చేశాం, పాఠకుల సంతోషం కోసం చేశాం అని ముందుమాటలో వాళ్లే ఒప్పుకున్నారు. ఆ ముందుమాట నాకు నచ్చింది. మా వృత్తిలో అంత నిజం పలికే ముందుమాటలు అరుదు. రష్యాలో పుట్టిన అమెరికన్ రచయిత నబొకోవ్ తన ఆఖరి నవల రాసుకుని కాల్చేయమన్న 138 కార్డులూ ఇలాగే 2009లో అచ్చయ్యాయి. కొడుకు వేయించాడు. కార్డులు విడదీసుకోవడానికి వీలుగా అంచుల్లో చిల్లులు పెట్టి మరీ వేశారు. నవల సగం కూడా లేదు, కాబట్టి ఆట వస్తువు చేసి అమ్మారు.

ఇవన్నీ తెలిసి చేసినవి. నిజంగా పొరపాటు పడి వేసే పుస్తకాలూ ఉంటాయి. బాగుంటుందని నమ్మి వేస్తాం, తన్నేస్తుంది. 2022లో అమెరికాలో రెండు పెద్ద ప్రచురణ సంస్థల విలీనం మీద కోర్టులో కేసు నడిచింది. పెంగ్విన్ రాండమ్ హౌస్ అప్పటి అధిపతి సాక్ష్యం చెబుతూ, మా వ్యాపారంలో ఏది ఆడుతుందో ఏది ఆడదో అంతా గాలివాటమే, అందుకే మా పేరు రాండమ్ (అంటే గాలివాటం) హౌస్ అన్నాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద పబ్లిషర్లలో ఒకరి మాట అది. ఆ రకం పొరపాట్లు నావీ ఉన్నాయి. వాటికి నేను సిగ్గుపడను. నాది నూట అరవై పేజీల అచ్చు నష్టం, మీది నూట యాభై రూపాయల నష్టం, ఇద్దరం సమానంగా మోసపోయాం.

ఇక మన సంగతి. మనకి 11 లక్షలు లేవు గానీ, అచ్చుకు ముందే అమ్ముకోవడంలో మనం ఎవరికీ తీసిపోం.

ఈ సభలో అరవై దాటినవాళ్లకి అద్దె లైబ్రరీలు గుర్తుండే ఉంటాయి. వీధి చివర చిన్న కొట్టు, గోడలనిండా అట్టలు కట్టిన నవలలు, రోజుకింతని అద్దె. డెబ్బైల్లో, ఎనభైల్లో వారపత్రికలో సీరియల్ వచ్చిందంటే అది పుస్తకం కావడం ఖాయం. కొనేది ఎవరు? చదివే ఇల్లాలు కాదు. ఆ అద్దె షాపువాడు. పత్రికలో వారం వారం చదివినవాళ్లే మళ్లీ ఒక్కసారిగా చదవడానికి వస్తారని వాడికి తెలుసు. సీరియల్ అంటే ప్రతి వారం చివర ఒక ముడి పడాలి కదా. తలుపు చప్పుడవుతుంది, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి ఆమె కొయ్యబొమ్మ అయిపోతుంది, సశేషం. మరుసటి వారం చూస్తే వచ్చింది పాలవాడు. (నవ్వులు) పుస్తకం వేసేటప్పుడు ఈ పాలవాళ్లనందరినీ ఏరి పారేయొచ్చు. ఎవరూ పారేయలేదు. ఎందుకంటే అద్దె షాపువాడికి లావు పుస్తకమంటే ఇంకో రెండు రోజుల అద్దె. పాఠకురాలి విసుగు వాడికి ఆదాయం. 1995 తర్వాత టీవీ చానళ్లు ఇళ్లలోకి వచ్చి పాలవాణ్ణి ఉచితంగా చూపించేసరికి ఆ షాపులు మూతబడ్డాయి. ఆ నవలలు చాలావరకూ వాటితోనే పోయాయి. కొన్ని పోకూడనివి కూడా పోయాయి.

తర్వాతి కొనుగోలుదారు ప్రభుత్వ గ్రంథాలయం. 1960 గ్రంథాలయాల చట్టం ఉంది కదా. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఇక్కడ చాలామందికి తెలియదనుకుంటా, మీరంతా పుస్తకాలు కొంటూనే ఉన్నారు, ఏం కొన్నారో మీకు తెలియదంతే. ఆ సెస్సును స్థానిక సంస్థలు వసూలు చేసుకుని గ్రంథాలయాలకు జమ చేయవన్నది ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదే. జమ అయినప్పుడు మాత్రం కొనుగోలు ఉంటుంది. కలకత్తాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయం ఉంటుంది. ఎంపిక కమిటీ ఉంటుంది. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. ఆ జాబితాలో ఇమిడే పుస్తకం ఎలా ఉండాలి? ఎవరికీ కోపం రాకూడదు. మహనీయుల జీవితాలు, నీతికథలు, వ్యక్తిత్వ వికాసం. నా గోడౌన్‌లో గాంధీగారి జీవితం మూడు రకాలుంది. మూడూ నేనే వేశాను. మూడింటిలోనూ రైల్లోంచి ఆయన్ని తోసేసిన సంగతే తప్ప ఆయన మనసులో ఏం జరిగిందో లేదు. పిల్లవాడు ఆ పుస్తకం తీసి చదివి నిరుత్సాహపడితే, వాడు ఇంకెప్పుడూ లైబ్రరీ మెట్లెక్కకపోతే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

యూనివర్సిటీ వాళ్ల గురించి ఒక్క మాటతో సరిపెడతాను. 2010లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) అధ్యాపకుల పదోన్నతులకి పాయింట్లు పెట్టింది. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, ఉన్న పుస్తకానికి ఇన్ని అని. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. మిగతాది మీరే ఊహించుకోండి. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు కృతజ్ఞతలతో సహా అచ్చవుతున్నాయి.

అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు దగ్గరికి వస్తున్నాను. రచయిత.

లెక్క చెప్తాను, వినండి. డెమ్మీ సైజులో 160 పేజీలు, అంటే ఫారానికి పదహారు పేజీల లెక్కన పది ఫారాలు. 500 కాపీలు. డీటీపీ, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగు కలిపి ఇవాళ నాకు నలభై, యాభై వేల మధ్య అవుతుంది. వెల 150 వేస్తాను. షాపువాళ్లకి నలభై శాతం కమిషన్ పోతే చేతికొచ్చేది 90. అయిదు వందలూ అమ్మితే 45 వేలు. అంటే ఒక్క కాపీ కూడా ఎవరికీ ఊరికే ఇవ్వకుండా, చెదలు పట్టకుండా, షాపుల్లో బాకీలు ఎగవేయకుండా ఆఖరి కాపీ దాకా అమ్ముడైతే నాకు వచ్చే లాభం, సుమారుగా, సున్నా. తెలుగులో కొత్త రచయిత పుస్తకం 500 అమ్మడానికి మూడేళ్లు పడితే అదృష్టం. అందుకని రచయితే డబ్బు తెస్తాడు. సిగ్గుపడాల్సిన పనేం కాదది, మన సాహిత్యంలో చాలా గొప్ప పుస్తకాలు కూడా సొంత డబ్బుతో వచ్చినవే. కాకపోతే డబ్బు తెచ్చినవాడు ఎవరు? నా ఖాతాదారు. పెళ్లి శుభలేఖ అచ్చు వేయించుకోవడానికి వచ్చినవాడితో "ఈ సంబంధం బాగాలేదండీ, ఇంకోటి చూసుకోండి" అని ప్రెస్సువాడు అంటాడా? (నవ్వులు, చప్పట్లు)

ఆ తర్వాత అంతా మీరు చూసేదే. ముందుమాటలు నాలుగు. అందులో ఒకరైనా పుస్తకం చదవలేదని చదివితే తెలుస్తుంది. 'ప్రతులకు' అన్నచోట రచయిత ఇంటి అడ్రసు. కొందరు 'వెల: అమూల్యం' అని వేయిస్తారు. అది మాత్రం నిజమే, దానికి వెల కట్టేవాళ్లు దొరకరు. ఆవిష్కరణ సభ, శాలువాలు, వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి సంతకంతో. ఆర్నెల్లకి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో 'ప్రియమిత్రులకు ప్రేమతో' అన్న సంతకంతో సహా దర్శనమిస్తుంది. నేను అక్కడ నేను వేసిన పుస్తకాలు కొంటుంటాను. నా దగ్గర ఫైలు కాపీ ఉండదు చాలావాటికి.

వద్దనే మనిషి ఒకప్పుడు మనకీ ఉండేవాడు, ప్రచురణ సంస్థలో కాదు, పత్రికాఫీసులో. కథతో పాటు తిరుగు టపాకి స్టాంపులు పెట్టి పంపేవాళ్లం. నావీ తిరిగొచ్చాయి, అందుకే పబ్లిషరునయ్యాను. (నవ్వులు) ఆ తిప్పి పంపడంలో ఒక్కోసారి రెండు వాక్యాలుండేవి, ముగింపు తొందరపడ్డారు, మొదటి పేజీ అక్కర్లేదు అని. వారపత్రికలు ఒక్కొక్కటే మూతబడ్డాక ఆ రెండు వాక్యాలు రాసేవాళ్లు లేరు. ఇప్పుడు మా దగ్గర ఎడిటింగ్ అంటే ఒత్తులూ దీర్ఘాలూ సరిచూడటం. హోహోఫ్ రెండేళ్ల పైచిలుకు ఒక్క నవల మీద కూర్చుంది. ఆ జీతం నా లెక్కలో ఎక్కడ పెట్టమంటారు? ఆ సున్నాలోనా?

ఇప్పుడు ఆ పెద్దాయన తెచ్చిన నవల సంగతి చెప్పి ముగిస్తాను. పేరు చెప్పను. రాసినాయన రిటైరైన ఉద్యోగి. డెబ్బై ఆరేళ్లు. భార్య పోయి మూడేళ్లు కావస్తోంది. ఆవిడ మీద రాశారు. మూడో సంవత్సరీకానికి పుస్తకం అందరి చేతిలో పెట్టాలన్నారు. డబ్బు కవరులో పెట్టి తెచ్చారు, కవరు మీద ఆవిడ పేరు. నేను ఆ రాత్రి చదివాను. మొదటి డెబ్బై పేజీలూ ఆయన ఉద్యోగం, బదిలీలు, పై అధికారులు. చివర ముప్పై పేజీలు తత్వం. మధ్యలో, డెబ్బై రెండో పేజీ దగ్గర, ఆవిడ జబ్బు పడ్డ వేసవిలో ఆవకాయ పెట్టడం ఉంది. మంచం మీంచి ఆవిడ కొలతలు చెబుతుంటే ఈయన జీవితంలో మొదటిసారి ఆవపిండి కలుపుతాడు. ఉప్పు ఎక్కువైందని ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనరు. అక్కడినుంచి ఒక నలభై పేజీలు... నేను ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నానండీ, అటువంటి పేజీలు నా బల్ల మీదకి నాలుగైదుసార్లు వచ్చాయేమో.

అప్పుడు నేను చెప్పాలి. ఈ డెబ్బై పేజీలు తీసేయండి, ఆ ముప్పై తీసేయండి, ఈ నలభై పట్టుకుని ఏడాది కూర్చోండి అని. సంవత్సరీకం మూడు వారాల్లో ఉంది. కవరు బల్లమీద ఉంది. నేను ఒత్తులు సరిచేసి ప్రెస్సుకి పంపాను.

ఇక ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలోంచి: "మాస్టారూ, మరి ఆ పెద్దాయనకి ఏం చెప్పారు, స్టాలు దగ్గర?")

ఆయన నలభై పేజీల దగ్గర ఆగిపోయారు కదండీ. డెబ్బై రెండో పేజీ తీసి, చిన్న కాగితం ముక్క మడిచి అందులో పెట్టి, ఇక్కణ్ణుంచి చదవమన్నాను. "మరి ముందు వేసినవన్నీ ఎందుకు?" అన్నారు. ఇవాళ మీకు చెప్పినదంతా అక్కడ నిలబడి చెప్పలేకపోయాను. వెనక బిల్లింగు దగ్గర జనం ఉన్నారు. ఆయన పుస్తకం మళ్లీ సంచీలో పెట్టుకుని వెళ్లారు. ఈ జనవరిలో కూడా స్టాలు పెడుతున్నాను. చూడాలి, వస్తారేమో.